పోరంకి దాటాక ఇల్లు: ధర పెట్టేదెవరు, అద్దె కట్టేదెవరు?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. ప్రస్తుతం గుంటూరు బ్రాడీపేటలో అద్దెకుంటున్నాం. మావారు వెలగపూడి సచివాలయంలో పనిచేస్తారు. నాకు విజయవాడ గవర్నర్‌పేటలోని ఆఫీసుకు బదిలీ అయింది. బాబు ఎనిమిదో తరగతి, పాప నాలుగు. అత్తమామలు గుడివాడ దగ్గర పల్లెలో ఉంటారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి, రెండు మూడేళ్లలో మా దగ్గరికి తెచ్చుకోవాలి. చేతిలో 35 లక్షలున్నాయి. బ్యాంకు 70 లక్షల దాకా ఇస్తానంది. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1.6 లక్షలు చేతికొస్తాయి. బందరు రోడ్డు వైపు మూడు చూశాం. ఒకటి, పోరంకిలో కట్టడం పూర్తయిన 1,450 చదరపు అడుగుల ఫ్లాటు: 78 లక్షలు, వాటా స్థలం 42 గజాలు. రెండోది, గంగూరులో 170 గజాల్లో పన్నెండేళ్ల కిందట కట్టిన జి ప్లస్ వన్ ఇల్లు: 1.05 కోట్లు. ఓనరు అమెరికాలో ఉన్నారు, పవరు (ఆయన తరఫున సంతకం పెట్టే అధికారం) ఆయన బావమరిది పేరున ఉంది. మూడోది, కంకిపాడు దాటాక వెంచర్‌లో 200 గజాల ప్లాటు: గజం 22 వేలు. చుట్టూ చూస్తే పల్లెటూరే, గేదెలు రోడ్డు మీదే ఉన్నాయి. ధర మాత్రం సిటీకి ఏమీ తీసిపోలేదు. ఎందుకింత? పదిహేనేళ్ల తర్వాత అమ్ముదామంటే ఎవరు కొంటారు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: ముందు మా మాట చెప్పేస్తాం. ఈ ఏడాది ఏదీ కొనకండి. పోరంకి, గంగూరు మధ్య ఎక్కడో ఒకచోట అద్దెకు దిగి ఒక వానాకాలం చూడండి. ఆ తర్వాత కొనదలిస్తే ఫ్లాటు కంటే గంగూరు ఇంటిలాంటిదే మీకు నప్పుతుంది. అయితే ఇప్పుడు చెబుతున్న ధరకు కాదు, ఇప్పుడున్న కాగితాలతో అసలే కాదు. వెంచర్ సంగతి మీ పిల్లల చదువులు అయ్యేదాకా మరచిపోండి.

మీ మొదటి ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. ఆ ఊళ్లలో స్థలం ధర పెట్టేవాళ్లు వేరు, అద్దె కట్టేవాళ్లు వేరు. ధర పెట్టేది బయటి డబ్బు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డ కుటుంబాలు, ఒకచోట పొలం అమ్మి మరోచోట స్థలం కొనే రైతులు, ఆటోనగర్ వ్యాపారులు, కైకలూరు వైపు చేపల చెరువుల మీద సంపాదించినవాళ్లు. వీళ్లలో చాలామందికి ఆ ఇంట్లో రేపే దిగాలనే తొందర ఉండదు, నెలనెలా వాయిదా కట్టాలనే బాధా ఉండదు. అద్దె కట్టేవాళ్లేమో మీలాంటి జీతగాళ్లు, కాలేజీ లెక్చరర్లు, ఆసుపత్రి ఉద్యోగులు, ఇంకా పిల్లాడి ఇంటర్ కోసం రెండేళ్లు కాపురం మార్చుకుని వచ్చే తల్లిదండ్రులు. ఈ ఆఖరి వర్గం చిన్నదేం కాదు. కానూరు నుంచి గంగూరు దాకా, అవతల నిడమానూరు వైపూ కార్పొరేట్ కాలేజీల క్యాంపస్‌లు ఉన్నంతకాలం ఏప్రిల్–జూన్ నెలల్లో టూలెట్ బోర్డులు వేలాడేదీ, దిగేదీ వీళ్ల చుట్టూనే.

అందుకే ధరకూ అద్దెకూ పొంతన కుదరదు. మీరు చూసిన ఫ్లాటునే తీసుకోండి. అలాంటిది 18 వేలకు అద్దెకు దొరికిందనుకుంటే ఏడాదికి 2.16 లక్షలు, అంటే 78 లక్షల మీద 2.8 శాతం కూడా రాదు. అదే ఫ్లాటుకు 55 లక్షలు అప్పు చేస్తే 8.5 శాతం చొప్పున మొదటి ఏడాది వడ్డీయే సుమారు 4.6 లక్షలు. ఏడాది అద్దెకుండటం వల్ల మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు, పైగా మిగుల్చుకుంటారు. 'ఆగితే రేటు పెరిగిపోతుంది' అని బ్రోకరు భయపెడతాడు. పెరగొచ్చు. కానీ అక్కడ ధరలు నడిచేది ఎక్కువగా రాజధాని కబురును బట్టే. 2014 డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టం వచ్చాక, 2015 అక్టోబరులో అమరావతి శంకుస్థాపన జరిగాక ఊళ్లన్నీ ఎగిశాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాడు కరువయ్యాడు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక మళ్లీ లేచాయి. 2016లో ఎగబడి కొని 2021లో అమ్ముదామని చూసినవాళ్లను అడిగితే ఆ అయిదేళ్ల సంగతి మీకే చెబుతారు. జీతం మీద అప్పు కట్టేవాళ్లు ఇలాంటి ఆటుపోట్లకు ఎదురెళ్లకూడదు.

రెండో ప్రశ్న: పదిహేనేళ్ల తర్వాత ఎవరు కొంటారు? దీనికి ఊళ్లో ఇప్పుడు ఎవరున్నారో చూడాలి. జనాభా లెక్కలు చూద్దామంటే చివరిసారి జరిగింది 2011లో. అప్పటికి పోరంకి, కానూరు, తాడిగడప, యనమలకుదురు పంచాయతీలు. తర్వాత ఆ నాలుగింటినీ కలిపి తాడిగడప మున్సిపాలిటీ చేశారు. కాబట్టి ఆ అంకెలు మీకు పనికిరావు. పనికొచ్చే అంకె ఒకటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1.7. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. పంచాయతీ ఎన్నికల్లో పోటీకి ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసిందంటే కారణం ఇదే. డెల్టా ఊళ్లలో ఉన్న ఒకరిద్దరు పిల్లలూ హైదరాబాద్, బెంగళూరు, డాలస్ అని వెళ్లిపోతారు. ఇంట్లో మిగిలేది ముసలి దంపతులు, ఒక పనిమనిషి, నాలుగు సీసీ కెమెరాలు.

దీన్నిబట్టి మా అంచనా ఇది. ఇప్పుడు మీరు అటు వెళ్తుంటే కనిపించే 400 గజాల డూప్లెక్సులు, మేడ మీద హోమ్ థియేటర్ ఉన్న నాలుగు బెడ్‌రూముల ఇళ్లు రానున్న పదిహేను, ఇరవై ఏళ్లలో వారసుల చేతికి వస్తాయి. వాళ్లు ఇక్కడికి రారు, అమ్ముతారు. అన్నీ దాదాపు ఒకే కాలంలో అమ్మకానికి వస్తే అంత పెద్దవాటిని కొనగలిగిన స్థానిక జీతగాళ్లు అంతమంది ఉండరు. విదేశీ డబ్బు ఇలాగే వస్తూ ఉంటుందన్న భరోసా కూడా లేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు అమెరికా లక్ష డాలర్ల రుసుము పెట్టాక పెళ్లి సంబంధాల దగ్గర్నుంచి స్థలాల బేరాల దాకా అంతా ఆలోచనలో పడ్డారు. అదే 150–200 గజాల్లో, కింద ఒక పూర్తి పోర్షను, పైన ఒక పోర్షను, మెట్లు బయటి నుంచి ఉన్న ఇంటికి ఎప్పుడైనా మూడు రకాలవాళ్లు వస్తారు: పెద్దవాళ్లను కింద పెట్టుకునేవాళ్లు, పై పోర్షను అద్దెతో వాయిదాలో కొంత గట్టెక్కేవాళ్లు, ఇద్దరన్నదమ్ములు పంచుకునేవాళ్లు. గంగూరు ఇంటివైపు మేం మొగ్గేది ఇందుకే.

ఇంకో లెక్క కూడా ఉంది. అక్కడ స్థలం గజం 45 వేలు అనుకుందాం (మీరు నలుగురిని అడిగి అసలు అంకె వేసుకోండి). 170 గజాల విలువ 76.5 లక్షలు, ఆ పాత కట్టడం కోసం మీరు పెడుతున్నది 28.5 లక్షలు. ఫ్లాటులో 42 గజాల వాటా విలువ 18.9 లక్షలు, మిగతా 59 లక్షలూ గోడలకూ లిఫ్టుకూ బిల్డరు లాభానికీ. పదిహేనేళ్లలో పాతబడేది కట్టడం, పెరిగితే పెరిగేది నేల. పైగా వాటా స్థలాన్ని విడిగా అమ్ముకోలేరు. అందరూ ఒప్పుకుని బిల్డింగు కూల్చి కట్టే రోజు వచ్చేదాకా అది కాగితం మీదే ఉంటుంది. ఆ అందరిలో సగంమంది వేరే దేశాల్లో ఉంటే ఆ రోజు ఎప్పుడొస్తుందో మీరే ఊహించుకోండి.

ఫ్లాటే నచ్చిందనుకుంటే కొనేముందు ఒక సాయంత్రం ఎనిమిది గంటలకు వెళ్లి సెల్లారులో మీటర్ల బోర్డు ముందు నిలబడండి. ఒక్కో మీటరుపై చిన్న ఎర్రలైటు ఉంటుంది. కరెంటు వాడుతుంటే అది మిటుకుమిటుకుమంటుంది. ఫ్రిజ్జు ఒక్కటి నడుస్తున్నా కాసేపటికోసారైనా వెలుగుతుంది. అయిదు నిమిషాలైనా కదలని మీటర్లు ఎన్నో లెక్కపెట్టండి. ఇరవై ఫ్లాట్లలో ఎనిమిది కదలకపోతే ఆ ఎనిమిదీ తాళాలే. తాళం వేసిన ఫ్లాటు ఓనరు మెయింటెనెన్సు ఏడాదికోసారి పంపిస్తాడు, లేదంటే 'మేం వాడట్లేదు కదా' అని వాదిస్తాడు. లిఫ్టు మోటారు కాలినా, బోరు మార్చాల్సి వచ్చినా ఖర్చు ఉన్నవాళ్ల మీదే పడుతుంది. అసోసియేషన్ రిజిస్టరు అడిగి బకాయిలు చూడండి, చూపించకపోతే అదే జవాబు.

ఫ్లాటు కాగితాల్లో చూడాల్సినది: ప్లాను ఎన్ని అంతస్తులకు ఇచ్చారు, కట్టింది ఎన్ని. పైన పెంట్‌హౌసు కనిపిస్తే అది ప్లానులో ఉందా? 'బీపీఎస్‌లో (అక్రమ కట్టడాన్ని జరిమానాతో క్రమబద్ధీకరించే పథకంలో) చేయించుకోవచ్చండీ' అన్న మాటకు విలువ లేదు, చేయించి ఆ కాగితం ఇమ్మనండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉంటే జీఎస్‌టీ కట్టక్కర్లేదు. కట్టడం నడుస్తుండగా కొంటే 5 శాతం. చిన్న అపార్టుమెంటయితే 'రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఏది' అని అడిగినా ఉండకపోవచ్చు. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు, దాటకపోయినా, ఫ్లాట్లు 8 దాటకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఆ ఊళ్లలో చాలా బిల్డింగులు అంతలోనే ఎందుకు ఆగుతాయో దీనివల్ల అర్థమవుతుంది. రెరా నంబరు ఉంటే మాత్రం రెండు హక్కులు వాడుకోండి: అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు ఇవ్వనక్కర్లేదు, స్వాధీనం తీసుకున్న అయిదేళ్లలో కట్టడంలో లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో బాగుచేయాలి.

ఇక గంగూరు ఇల్లు. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడుకోవాలి. ఆ ప్రాంతంలో సగం బేరాలు ఇలాంటివే, సగం తగాదాలూ ఇక్కడే పుడతాయి.

మొదట పన్ను. ఇక్కడే ఉండే మనిషి దగ్గర 50 లక్షలకు తక్కువ కాని ఆస్తి కొంటే మీరు 1 శాతం కోసి ఆదాయపు పన్ను శాఖకు కడతారు. పోరంకి ఫ్లాటుకైతే 78 వేలు. అమ్మేది ప్రవాస భారతీయుడైతే ఆ లెక్క చెల్లదు. ఆస్తి రెండేళ్లకు మించి ఆయన చేతిలో ఉంటే 12.5 శాతం, దాని మీద సర్‌ఛార్జి, ఆపైన 4 శాతం సెస్సు కోయాలి. ఆయన తన అసలు లాభం ఎంతో చూపించి పన్ను శాఖ నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే ఈ కోత మొత్తం ధర మీద పడుతుంది. 1.05 కోట్ల మీద ఒట్టి 12.5 శాతమే 13 లక్షలు దాటుతుంది. బావమరిది ఇక్కడివాడే కదా, ఆయన పాన్ నంబరుతో 1 శాతం కట్టేద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఓనరు అమెరికాలో ఉన్నాడు, సంతకం పెట్టేవాడు పవరుదారుడు మాత్రమే. తక్కువ కోస్తే మిగతాది, వడ్డీతో సహా, శాఖ వసూలు చేసేది మీ దగ్గరే. సర్టిఫికెట్ రావడానికి వారాలు పడుతుంది కాబట్టి అగ్రిమెంటులోనే ఆ బాధ్యత, గడువు ఓనరు మీద రాయండి. ఫీజు ఇచ్చి ఒక ఆడిటరును మీరే పెట్టుకోండి, అమ్మేవాళ్ల ఆడిటరు వద్దు.

రెండోది పవరు. విదేశంలో రాసిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి భారత కాన్సులేట్‌లోనో, నోటరీ ముందో సంతకమై ఉండాలి. అది ఇండియాకు చేరిన 3 నెలల్లోగా ఇక్కడ స్టాంపు చేయించాలి, మన దగ్గర జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో ఆ పని జరుగుతుంది. ఆ ముద్ర, తేదీ చూడండి. అందులో 'అమ్మడానికి, డబ్బు తీసుకోవడానికి, రిజిస్టరు చేయడానికి' అని స్పష్టంగా ఉండాలి. ఇల్లు చూసుకోవడానికీ అద్దెలు వసూలు చేయడానికీ ఇచ్చిన పవరుతో అమ్మలేరు. ఇచ్చిన మనిషి చనిపోతే పవరూ పోతుంది, కనుక ఓనరుతో వీడియోలో మీరే మాట్లాడండి. ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటే ఇద్దరితోనూ. డబ్బు బావమరిది ఖాతాకు కాదు, ఓనరు ఎన్ఆర్ఓ ఖాతాకే (ప్రవాసుల పేరున ఇక్కడి బ్యాంకులో ఉండే ఖాతా) వెళ్లాలి. దీనికి వాళ్లు నసిగితే బేరం అక్కడితో వదిలేయండి.

మూడోది, నేల మూలం. ఒకప్పుడది వరిపొలం. ఎవరి వాటా నుంచి ఎలా వచ్చిందో లింకు డాక్యుమెంట్లు కనీసం ముప్పై ఏళ్లవి చూడండి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) 1983 నుంచి దొరుకుతుంది. డెల్టా పొలాల్లో ఎక్కువగా తప్పిపోయేది ఆడపిల్లల సంతకం. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఆంధ్రప్రదేశ్ చట్టం 1985 సెప్టెంబరు నుంచే వాటా ఇచ్చింది. 2005 సెప్టెంబరు సవరణతో కూతుళ్లందరికీ కొడుకులతో సమానంగా వచ్చింది, దాన్ని సుప్రీంకోర్టు 2020లో మరింత స్పష్టం చేసింది. అన్నదమ్ములు ముగ్గురూ సంతకం పెట్టి అమ్మేసిన పొలం మీద చెల్లెలి పిల్లలు కోర్టుకెళ్లడం అక్కడ కొత్తేం కాదు. పాత డాక్యుమెంటులో కుటుంబ సభ్యుల వరుస రాసుకుని, ఎవరి సంతకం లేదో లాయరు చేత చూపించుకోండి. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టికలో) ఉందేమో, కాలువ పోరంబోకు, దేవాదాయ భూమి కలిసిందేమో కూడా చూడాలి. రీసర్వే అయిన గ్రామమైతే పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు ఉంటుంది, రెండింటికీ విస్తీర్ణం సరిపోవాలి. 170 గజాలన్నారు కాబట్టి టేపు పట్టి నాలుగు వైపులా కొలిపించండి. పక్కవాళ్ల ప్రహరీ ఆరంగుళాలు లోపలికి వచ్చినా యాభై అడుగుల పొడవున దాదాపు మూడు గజాలు పోయినట్టే.

నాలుగోది డబ్బు. ధర 1.05 కోట్లు, రిజిస్ట్రేషన్ స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, ఫీజు 1, మొత్తం 7.5 శాతం, అంటే 7.87 లక్షలు. అన్నీ కలిపి 1.13 కోట్లు. మీ దగ్గర 35, అప్పు 70, మొత్తం 1.05. అంటే మరమ్మతు, రంగులు పక్కన పెట్టినా ఎనిమిది లక్షలు లోటు. అంతేకాదు, చేతిలో ఉన్నదంతా ఊడ్చి పెడితే డెబ్బై దాటిన ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఆసుపత్రి ఖర్చుకు ఏముంటుంది? 70 లక్షలకు 8.5 శాతంతో ఇరవై ఏళ్లకు వాయిదా నెలకు 60,750. జీతాల్లో 38 శాతం. పై పోర్షను అద్దెకు ఇస్తే భరించవచ్చు, అది ఖాళీ అయిన నెలల్లో ఇబ్బంది. ఈ లెక్కతో మీరు ధర 90 లక్షల దగ్గర పడితేనే ముందుకు వెళ్లాలి. అప్పుడు 65 లక్షల అప్పు, 56,400 వాయిదా, రిజిస్ట్రేషన్ పోను చేతిలో మూడు లక్షలు మిగులుతాయి. వాళ్లు దిగకపోతే ఆగండి. తాళం వేసిన ఇల్లు ఏడాదికేడాది పాతబడుతుంది గానీ కొత్తదవదు.

ఇక్కడే ఒక మాట వస్తుంది: 'డాక్యుమెంటు ప్రభుత్వ విలువకు రాద్దాం, మిగతాది నగదుగా ఇవ్వండి.' వద్దు. బ్యాంకు అప్పు డాక్యుమెంటు విలువను చూసి ఇస్తుంది, అది తగ్గితే అప్పూ తగ్గుతుంది. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం. రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర తక్కువగా కనిపించి లాభం పన్ను మీ నెత్తిన పడుతుంది. స్టాంపు డ్యూటీలో మిగిలేది దాని ముందు ఏపాటి?

ఇంటి ఒంటి సంగతి మేస్త్రీని తీసుకెళ్లి చూడండి. అక్కడి నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగి బీటలు వారుతుంది. పునాది పైపైనే వేసి ఉంటే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పగుళ్లు వస్తాయి. అవి సున్నం గీతలా సన్నగా ఉంటే ఫరవాలేదు, గోరు దూరే వెడల్పు ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీరు చూడాలి. తలుపులు వానాకాలంలో పట్టేస్తున్నాయేమో పక్కింటివాళ్లను అడగండి. గోడ అడుగున తెల్లటి ఉప్పు పొర, రంగు పొంగి ఊడటం ఉంటే నేల చెమ్మ ఎక్కుతోందని అర్థం. కింది మూడడుగులకు మాత్రమే కొత్త రంగు వేసి కనిపిస్తే ఎందుకు వేశారో అడగండి. అన్నింటికంటే ముందు వీధి గుమ్మం మెట్లు లెక్కపెట్టండి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సీసీ రోడ్డు మళ్లీ మళ్లీ పోస్తారు. పన్నెండేళ్ల కిందట నాలుగు మెట్లున్న ఇంటికి ఇప్పుడు ఒకటిన్నర మిగిలితే తర్వాతి రోడ్డుకు వీధి నీళ్లు వరండాలోకే.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి వరద కూడా. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. 2009 అక్టోబరు వరదను మించింది. యనమలకుదురు, పెదపులిపాక, చోడవరం వైపు కరకట్ట లోపలి భాగాలు ఒక రకం ప్రమాదం. అవతల బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచి, ఏనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింది నుంచి వెళ్లి కొల్లేరులో కలుస్తుంది. నిడమానూరు వైపు చూసేవాళ్లు దాని దారి తెలుసుకోవాలి. పోరంకి, గంగూరుల్లో మీరు భయపడాల్సింది ఏటి వరద కంటే నిలిచిపోయే వాననీరు. ఆ పొలాల మధ్య పంట బోదెలు, మురుగు కాలువలు ఉండేవి. వెంచర్లు వేసినవాళ్లు వాటిని పూడ్చేశారు. నీటికి పాత దారి గుర్తుంటుంది, అది మీ ఇంటి వెనకగా పోయేదేమో గ్రామ పటంలో చూడండి. వానాకాలం అద్దెకుండమన్నది ముఖ్యంగా ఇందుకే.

అద్దెకుంటే మరొకటి తెలుస్తుంది, సెప్టిక్ ట్యాంకు. భూగర్భ డ్రైనేజీ లేనిచోట ఇంకుడు గుంట మీదే ఆధారం. నల్లరేగడిలో, నీటిమట్టం పైపైనే ఉండే డెల్టాలో అది వానాకాలం ఇంకదు, వెనక్కి తన్నుతుంది. ట్యాంకు ఖాళీ చేసే బండి ఎన్నాళ్లకోసారి వస్తోందని కిందింటి ఆడవాళ్లను అడగండి, బ్రోకరును కాదు. బోరు నీరు ఒక సీసాలో పట్టి పరీక్ష చేయించండి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములలోపు ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా తాగునీటి ప్రమాణం ఒప్పుకుంటుంది. అంతకు మించితే కుళాయిలు, గీజరు త్వరగా పాడవుతాయి.

కంకిపాడు ప్లాటు గురించి తొందరగా ముగిస్తాం. 44 లక్షలే కదా అనిపిస్తుంది. పల్లం పొలాన్ని రోడ్డు మట్టానికి తేవాలంటే మెరక తోలించాలి. 200 గజాలంటే 1,800 చదరపు అడుగులు, నాలుగడుగులు పోస్తే 7,200 ఘనపుటడుగులు, అంటే 72 యూనిట్లు. దిమ్మిస కొట్టాక కుంగేది కలుపుకుంటే మరో ఇరవై శాతం. మెరక ఒక వానాకాలం కూర్చున్నాక, పునాది గుంతలు ఆ మెరక దాటి అసలు నేలలోకి దిగాలి. లేదంటే గచ్చు కుంగుతుంది. వెంచర్‌కు సీఆర్‌డీఏ ఎల్‌పీ (లేఔట్ అనుమతి) నంబరు లేకపోతే రేపు ఇంటి ప్లానుకు వెళ్లినప్పుడు క్రమబద్ధీకరణ ఫీజులు, ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో కొంత శాతం మీరు కట్టుకోవాల్సి వస్తుంది. నంబరు ఉన్నా, రోడ్లు, డ్రెయిన్లు పూర్తయ్యేదాకా అధికారుల దగ్గర తనఖా పెట్టే ప్లాట్లు కొన్ని ఉంటాయి. మీది అందులోది కాదని చూసుకోవాలి. మెట్రో పెనమలూరు దాకా వస్తుందనీ, 140 మీటర్ల వెడల్పున ఔటర్ రింగు రోడ్డు వస్తుందనీ బ్రోషర్లలో ఉంటుంది. మెట్రో ఇంకా పట్టాలెక్కలేదు, ధర మాత్రం ముందే ఎక్కింది. రింగు రోడ్డు దగ్గర్లో వస్తే లాభం, మీ ప్లాటు మీదుగా వస్తే పరిహారం కోసం తిరగడం. సర్వే నంబర్ల నోటిఫికేషన్లు చూడకుండా ఆ వైపు అడ్వాన్సు ఇవ్వకండి.

మీరు అడగనిది ఒకటి. మీవారు వారానికి అయిదు రోజులు పోరంకి నుంచి బెంజ్‌సర్కిల్, వారధి దాటి, ఉండవల్లి మీదుగా వెలగపూడి వెళ్లాలి. స్కూలు బస్సుల వేళ అది ఎంత సేపవుతుందో మ్యాపు చెప్పదు. వాన కురిసిన సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఒకసారి బండిలో వెళ్లి చూడమనండి. మీ ఇద్దరి ఆఫీసుల మధ్యలో పడేది నిజానికి తాడేపల్లి, కుంచనపల్లి. అత్తమామల ఊరు, వాళ్ల చుట్టాలు తూర్పున ఉన్నారు కాబట్టి మీరు ఇటు చూస్తున్నారు, అది కాదనలేం. కానీ ఆ ముసలివాళ్లను అడిగారా? రెండేళ్లలో వస్తారని మీరనుకుంటున్నారు, వాళ్లు పల్లె వదలమంటే మీ లెక్క మొత్తం మారుతుంది. గంగూరు ఇల్లు కొనడానికి ఉన్న ప్రధాన కారణమే కింది పోర్షను. ఆ పోర్షనులో ఎవరూ దిగనప్పుడు కుంచనపల్లిలో రెండు బెడ్‌రూముల పాత ఫ్లాటు, 40 లక్షల అప్పు మీకు చాలు.

ఇంకొక చిన్న విషయం. పోరంకి, గంగూరు విజయవాడకు ఆనుకునే ఉన్నా 2022 ఏప్రిల్ తర్వాత అవి కృష్ణా జిల్లాలో ఉన్నాయి, నగరం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. కలెక్టరేట్ పని పడితే వెళ్లాల్సింది మచిలీపట్నం. అద్దె ఇల్లు ఏప్రిల్‌లో వెతకకండి, ఇంటర్ తల్లిదండ్రుల పోటీలో రెండు వేలు ఎక్కువ పడుతుంది. బాబు స్కూలు కుదిరితే ఆగస్టులో చూడండి, అప్పటికి మిగిలిన ఇళ్ల ఓనర్లు బేరానికి వస్తారు, వీధుల్లో నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో కూడా కళ్లకు కనబడుతుంది.